బందోబస్తు మావయ్యకి తెరుచుకోని తలుపు

బస్టాపు పక్కన, మేడమెట్ల కింద నాలుగడుగుల కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా బందోబస్తు మావయ్య అంటుంది. వయసు యాభై ఎనిమిది, చెవి వెనక పెన్సిలు, ముక్కు మీద కోపం. తాళంచెవి పారేసుకుని వచ్చినవాణ్ణి ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాతే పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటాడు. "తలుపుకేమో ఇంత తాళం, దాని చెవేమో పూలకుండీ కిందనా? దొంగకి ఒక చీటీ కూడా రాసి పెట్టాల్సింది, వాడికి వెతుక్కునే శ్రమ తప్పేది" అంటాడు. తిట్లు తింటూనే జనం ఆయన దగ్గరికే వెళ్తారు. ఆయన బిగించిన తాళాన్ని ఇంతవరకూ ఎవడూ విరగ్గొట్టలేదు మరి.

ఆ ఏడాది రోజులు బాగాలేవు. ఊరి చివర పెద్ద మిల్లు మూతపడింది. పనిపోయిన మనుషులు వీధి మలుపుల్లో ఊరికే నిలబడుతున్నారు. నెలలో రెండిళ్ళలో దొంగలు పడితే, జనం నోళ్ళలో అవి పన్నెండిళ్ళయ్యాయి. కొత్తవాడు అడ్రసు అడిగితే చాలు, కిటికీలు మూసుకునేవి. ఒక తాళం ఉన్నవాళ్ళు రెండోది అడిగారు, రెండున్నవాళ్ళు గొలుసు అడిగారు. బందోబస్తుకి ఊపిరి సలపలేదు. నిజం చెప్పొద్దూ, ఆయనకి ఆ హడావిడి నచ్చింది. తాను లేకపోతే ఊరికి గడవదనిపిస్తే మనిషి నడకే మారిపోతుంది.

సరిగ్గా అప్పుడే అక్క కబురు చేసింది. అక్క ఆయనకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. తల్లి పోయాక ఆయనకి తల దువ్వి, బొత్తాలు పెట్టి బడికి పంపింది ఆవిడే. బళ్ళో కుట్టుపని నేర్పి రిటైరైంది, పెళ్ళి చేసుకోలేదు, వీధి చివరి మేడలో మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటోంది. కొట్టు నుంచి నడిస్తే నాలుగు నిమిషాలు.

"పక్క మేడలో దొంగలు పడ్డారటరా. నాకూ ఓ గడియ పెట్టి పో" అంది.

"గడియేంటక్కా, కోటే కట్టేస్తాను" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. కొట్టు మూసేసి మూడు రోజులు అక్కడే కూర్చున్నాడు. దొంగ ఎలా ఆలోచిస్తాడో అలా ఆలోచించాడు. సందులోంచి రేకు దూరుస్తాడా? అయితే ద్వారబంధానికి ఉక్కు పట్టీ. చెక్క కోస్తాడా? లోపలివైపు ఇనప రేకు. తలుపు మడతబందులు ఊడదీస్తాడా? వాటి మేకులన్నీ లోపలికి. ఇవన్నీ చాలక తలుపు వెనక అడ్డంగా ఒక ఇనప కడ్డీ, దాన్ని పట్టుకోవడానికి రెండు వైపులా గోడలోకి దిగ్గొట్టిన కొక్కేలు. కడ్డీ వాటిలో పడిందంటే బయట తాళం తీసినా తలుపు కదలదు.

"ఇక నేనొచ్చినా తెరవలేనక్కా" అని మీసం దువ్వాడు.

అక్క కడ్డీని రెండు చేతులా ఎత్తి చూసింది. "బరువుగా ఉందిరా."

"బరువుంటేనే బలం."

ఆ తర్వాత జరిగిన సంగతి ఆయనకి తెలియనే తెలియదు. అంతకుముందు, దొంగల భయానికైనా సరే, రెండు మూడు రోజులకోసారి అక్కని చూసొచ్చేవాడు. కడ్డీ పడ్డాక మనసు నిమ్మళించింది. అక్కకేం, రాయిలా ఉంది అనుకున్నాడు. మూడు రోజులు పది అయ్యాయి, పది ఇరవై అయ్యాయి. మంచివాడే పాపం, కానీ మంచివాళ్ళు కూడా బెంగ తీరగానే మనుషుల్ని మర్చిపోతారు.

ఒక బుధవారం పొద్దున పదింటికి, అక్క కింది అంతస్తులో ఉండే ఇస్త్రీ ఆవిడ రొప్పుతూ కొట్టుకి పరిగెత్తుకొచ్చింది.

"అన్నయ్యా, మీ అక్కగారు పొద్దున్నించీ పాలు తీసుకోలేదు. తలుపు కొడితే లోపల్నించి మూలుగు వినిపిస్తోంది."

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. మూడంతస్తులు ఎలా ఎక్కాడో ఆయనకే గుర్తులేదు. బయటి తాళం నిమిషంలో తీశాడు. తలుపు తోశాడు. కదల్లేదు.

"అక్కా!"

"ఏరా... వచ్చావా?" గొంతు ఎక్కడో నేలమీద నుంచి వస్తోంది. "పడిపోయానురా. కాలు కదలట్లేదు."

"తెరుస్తున్నానక్కా, ఒక్క నిమిషం."

సందులోంచి రేకు దూర్చబోయాడు. ఉక్కు పట్టీ అడ్డొచ్చింది. రంపం పెట్టాడు. చెక్క తెగింది, ఇనప రేకు తగిలి పళ్ళు విరిగాయి. బందుల వైపు చూశాడు, మేకులన్నీ లోపలే ఉన్నాయి. ఏ ఉపాయం తట్టినా దానికి విరుగుడు ముందే ఉంది, ఆ విరుగుడు ఆయన చేత్తో పెట్టిందే. కిటికీలకు ఊచలు బిగించింది కూడా ఆయనే. తాను ఏ దొంగ కోసం ఇదంతా కట్టాడో, ఆ దొంగ ఇవాళ తానే అయ్యాడు.

"తెరుచుకోవట్లేదా?" అంది అక్క లోపల్నించి.

"వస్తుందక్కా, వస్తుంది."

"నువ్వే కదురా పెట్టావు."

ఆవిడ దెప్పలేదు. ధైర్యం చెప్పింది. పెట్టినవాడికి తీయడం వచ్చే ఉంటుందని ఆవిడ నమ్మకం. ఆయన కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇంకోసారి పిలిచాడు, జవాబు రాలేదు. మళ్ళీ పిలిచాడు. లేదు.

అప్పుడు తలుపుని వదిలేశాడు. పక్క మేడ పనిలో ఉన్న తాపీమేస్త్రీ దగ్గర్నుంచి సుత్తీ ఉలీ తెప్పించి, ద్వారబంధం పక్క గోడ మీద పడ్డాడు. కొక్కెం ఎక్కడ దిగిందో ఆయనకి తెలుసు. వేళ్ళు చిట్లాయి, ఇటుక పొడి కళ్ళలో పడింది, ఇస్త్రీ ఆవిడ రాళ్ళు తీసి పక్కకి వేస్తూ పోయింది. నలభై నిమిషాలకి చెయ్యి పట్టేంత కన్నం పడింది. భుజందాకా లోపలికి దూర్చి కడ్డీని పైకి ఎత్తాడు.

అక్క వంటగది గుమ్మం దగ్గర ఉంది. తెల్లవారుజామున ఐదింటికి పడిందట. చలికి కాళ్ళు తుడుచుకునే పట్టా లాక్కుని కప్పుకుంది. తుంటి ఎముక విరిగింది. ఇంకో రెండు గంటలైతే ఏమీ చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు.

ఆ వారమంతా బందోబస్తు కొట్టు తెరవలేదు. అక్క తలుపు చూసి అడిగినవాళ్ళకి కూడా అలాంటి కడ్డీలు పెట్టాడు కదా, ఆ ప్రతి ఇంటికీ వెళ్ళి, "లోపల మీకేమైనా అయితే ఎవరు తెరుస్తారండీ?" అని అడిగాడు. "పొద్దున్నే అదేం మాటండీ" అని కొందరు విసుక్కున్నారు. ఆయన వినలేదు. కడ్డీలు ఊడదీసి, బయట నుంచి చెవితో తెరుచుకునే తాళాలు బిగించాడు. స్నానాల గది గడియలన్నీ బయట నుంచి రూపాయి బిళ్ళతో తిప్పితే వచ్చేవి పెట్టాడు. ఫోను గోడకి కాకుండా, నేలమీద పడి చెయ్యి చాపినా అందే పీట మీద పెట్టుకోమన్నాడు. ఒక చెవి తప్పనిసరిగా పక్కింట్లో ఇమ్మన్నాడు. "వాళ్ళతో మాకు మాటల్లేవే" అంటే, "అయితే ముందు మాటలు కలుపుకోండి, తాళం రేపు పెడతాను" అని కసిరాడు.

ఆసుపత్రిలో ఇదంతా చెప్పి, "నీ తలుపుకీ అదే చేశానక్కా. ఇక భయం లేదు" అన్నాడు.

 అక్క నెమ్మదిగా అంది.

"నేలమీద పడున్నప్పుడు ఏం తోచకరా, నా కోసం ముందు ఎవరొస్తారా అని ఆలోచించాను. ముందు పాలావిడ. ఆవిడ కాకపోతే ఇస్త్రీ ఆవిడ. తర్వాత జాకెట్టు కుట్టించుకోడానికి గురువారం గురువారం వచ్చే పైమేడ టీచరమ్మ. ఆ తర్వాత నువ్వు."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. ఆయనకి మాత్రం గోడ కూలి మీద పడినట్టయింది.

నెలన్నర తర్వాత అక్క చేతికర్రతో ఇంటికొచ్చింది. ఆయన నాలుగు తాళంచెవులు కోసి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ఒకటి పాలావిడకిచ్చింది, ఒకటి ఇస్త్రీ ఆవిడకిచ్చింది, ఒకటి తన మెడలో వేసుకుంది. మిగిలిన దానికోసం ఆయన చెయ్యి చాపాడు.

"ఇది టీచరమ్మకి. నీకెందుకురా?" అంది అక్క. "రోజూ పొద్దున్నే వచ్చి తలుపు కొట్టు. డాక్టరు నన్ను నడవమన్నాడుగా, నేనే వచ్చి తీస్తాను."

ఊళ్ళో ఏ తలుపునైనా తెరిచే మనిషి, ఇప్పుడు రోజూ ఆరింటికి ఆ ఒక్క తలుపూ కొట్టి చేతులు కట్టుకుని నిలబడతాడు. లోపల కర్ర చప్పుడు మొదలవుతుంది. మంచం నుంచి గుమ్మందాకా పదిహేడు అడుగులు. ఒక్కోరోజు పదో అడుగు దగ్గరో పదకొండో అడుగు దగ్గరో చప్పుడు ఆగిపోతుంది. ఆయన తలుపుకి చెవి ఆనించి, అది మళ్ళీ మొదలయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు.