ఐదో రోజు అంగడి

ఆదివారం, ఉదయం ఎనిమిది గంటలు, గోదావరిఖని. వంటింట్లో ఉన్నవాళ్లు: కోడలు సరిత, మనవరాలు, నేను.

సరిత ఫోన్‌లో చూసి శనగపిండిని నీళ్లలో జారుగా కలిపి, సన్నటి మంట మీద గరిటె ఆపకుండా తిప్పుతోంది. అది చిక్కబడి, పచ్చివాసన పోయి, కమ్మటి వాసన లేచేసరికి డైరీ రాస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. అరవయ్యేళ్లుగా నా వంటింట్లోకి నేను రానివ్వని వాసన అది.

నా చిన్నతనమంతా బెల్లంపల్లిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో గడిచింది. మా నాయిన పెండ్లికి ముందు మేస్త్రీ వెంట బర్మా పోయి, కొండల మీద ఒక ఊళ్లో రైలు పట్టాల పని చేసి, యుద్ధంలో బాంబులు పడితే అడవుల గుండా నడిచి వచ్చి బాయిలో చేరాడు. ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో నీళ్లు చల్లి, నులకమంచం వాల్చుకుని, వాడకట్టంతా బొగ్గుపొయ్యిల పొగ కమ్ముకుంటుంటే ఆయన ఆ చల్లని ఊరి సంగతులు చెప్పేవాడు: రైలు కొండను ఒక్క ఊపున ఎక్కలేక ముందుకోసారి వెనక్కోసారి నడుస్తూ పైకి చేరడం, సూదుల్లాంటి ఆకులున్న చెట్ల నడుమ ఎండకు తాళలేని దొరలు కట్టుకున్న బంగళాలు, వాలు మీద తేయాకు, నారింజ తోటలు, కొండజాతుల ఆడవాళ్లు వెదురుబుట్టల్లో అల్లం, ఉల్లిగడ్డలు మోసుకొచ్చే అంగడి. అది ఐదు రోజులకోసారి కూడేది, ఊరంతా దాని మీదే బతికేది. అవన్నీ నేను తొమ్మిదో ఏట నుంచే నోటుబుక్కులో రాసుకున్నాను. పటం కూడా గీశాను.

"అంగడి మూలకు ఓ పాక ఉండె పెద్దబిడ్డా, ఏసుకో" అన్నాడు నాయిన. ఇంటికి మొదటిదాన్నని నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవాడు. పాక ఎవరిదని నేను అడగలేదు.

ఆ అంగడి లెక్క ఆయన ఇక్కడా వదల్లేదు. గోడ మీద రోజుకో సుద్దగీత పెట్టేవాడు. ఐదో గీత నాడు మా అవ్వ, అంటే అమ్మ, ఆయన నేర్పిన తీరునే శనగపిండి ఉడికించి పళ్లెంలో పోసి, గట్టిపడ్డాక ముక్కలు కోసి, చింతపులుసు, పల్లీల పొడి, ఎల్లిపాయ కారం వేసేది. డ్యూటీ ఉంటే టిఫిన్‌లో కట్టేది. ప్రాణాలతో నడిచొచ్చిన మనిషి మొక్కుబడి అనుకునేది.

"ఇయ్యాల మీ బర్మా అంగడా అక్కా? మా ముసలోడు నాకు మంచిర్యాల అంగడి గూడ చూపియ్యలె" అని పక్కింటి రాజవ్వ అంటే, అవ్వ మురిసిపోయేది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు, కొత్త సర్కారు వెళ్లగొడితే బర్మా నుంచి మనవాళ్లు మూటాముల్లెతో తిరిగొస్తున్న రోజుల్లో, నాయినతో పట్టాల పని చేసిన మల్లయ్య కాక మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఐదో రోజే వచ్చాడు. అవ్వ పెట్టిన పళ్లెంలోంచి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"అచ్చం ఆమె చేతి రుచే వదినె. గిప్పటికీ గా పాకలనే అమ్ముతది. బిడ్డ పెండ్లి గూడ చేసింది."

"ఎవల బిడ్డ?" అంది అవ్వ.

కాక నాయిన వైపు తిరిగాడు. "చెప్పలేదా అన్నా?"

"ఏమని చెప్పాలెరా" అన్నాడు నాయిన, పళ్లెంలోకే చూస్తూ.

తెల్లారి అవ్వ నా నోటుబుక్కు అడిగింది. ఆమెకు చదువు రాదు. "ఏది గా పాక?" అంటే చూపించాను. దాని మీద వేలు పెట్టి, మొదటి షిఫ్టుకు బూట్లు తొడుక్కుంటున్న నాయినను, "ఆళ్ల పేర్లేంది? పోరి రాసుకుంటది" అని అడిగింది. ఆయన తడుముకోకుండా తల్లి పేరు, బిడ్డ పేరు చెప్పాడు. రాశాను. అవ్వ తడిబట్టతో గోడ మీది గీతలు తుడిచేసింది. ఆ తర్వాత నాయిన "పెద్దబిడ్డా" అని పిలిస్తే నేను పలకలేదు.

ఆ గోడ ఇప్పుడు లేదు. క్వార్టర్లు కూల్చారు, బాయి మూసేశారు, ఆ బొగ్గుపొయ్యిల పొగ నా బట్టలకు కూడా మిగల్లేదు. ముప్ఫై ఏళ్లు బడిలో భూగోళం చెప్పాను. పటం మీద ఆ కొండల దగ్గర ఏనాడూ బెత్తం ఆపలేదు.

సరిత పెట్టిన పళ్లెం ముట్టుకోలేదు. సాయంత్రం మాత్రం పాత నోటుబుక్కు వెతికి తీసి, బల్ల మీద పెట్టాను.

సోమవారం పొద్దున మనవరాలు దాన్ని తిరగేస్తూ, పాక పక్కన ఉన్న రెండో పేరు మీద వేలు పెట్టింది.

"ఈమె ఎవరు నానమ్మా?"

"మా నాయిన పెద్దబిడ్డ" అన్నాను.