మూడు మీటర్ల ఫిర్యాదు

ఎర్మీనియాకు పండుగంటే పడదని వలెన్సియాలోని ఆ వీధి మొత్తం నమ్మింది. సాక్ష్యం ఏమిటని అడిగితే, ఏటా ఫిబ్రవరి మొదటి సోమవారం ఆమె వీధి పండుగ సంఘానికి ఇచ్చే ఫిర్యాదును చూపించేవారు. చూపించేవారే గాని చదివేవారు కారు. పంతొమ్మిదేళ్ళలో పంతొమ్మిది ఫిర్యాదులు, పంతొమ్మిది రసీదులు. జవాబు ఒక్కటీ లేదు.

ముప్పైనాలుగేళ్ళు నోటరీ దగ్గర టైపిస్టుగా పనిచేసిన మనిషి ఆమె. మార్జిన్ తప్పిన కాగితాన్ని క్షమించడం ఆమెకు చేతకాదు. పెళ్ళి చేసుకోలేదు, పెళ్ళాడమని రాసిన ఇద్దరి ఉత్తరాల్లోనూ తారీఖు లేకపోవడమే కారణమని వీధిలో ఒక కథ ఉంది. పంతొమ్మిదో ఏట ఇదే పండుగలో పట్టుపావడా కట్టి మరియమాతకు పూలు మోసుకెళ్ళిన సంగతీ, నేటికీ పండుగనాటి గుమ్మడికాయ బూరెలు ఆమె చేసినంత మెత్తగా ఎవరూ చేయలేరన్న సంగతీ ఆ కథ చెప్పేవారికి గుర్తుండవు.

పంతొమ్మిదో ఫిర్యాదు అందిన ఏడు సంఘం పగ తీర్చుకుంది. వీధి వెక్కిరించదలచినవారి బొమ్మలు పేర్చి మార్చిలో చౌరస్తాలో నిలబెట్టి, పండుగ చివరి రాత్రి పంతొమ్మిదో తేదీన తగలబెట్టే ఆ మేడంత బొమ్మల కొలువులో, మంత్రికీ బ్యాంకు యజమానికీ నడుమ ఎర్మీనియాను చేర్చింది. చెవుల్లో దూది, మూరెడు ముక్కు, చేప నోరు, చేతిలో కాగితం. నమూనా చిత్రాన్ని రొట్టెల దుకాణం గోడకు అంటించారు. ఆమె ఏడుస్తుందని కొందరు, కోర్టుకెళుతుందని కొందరు పందాలు కాశారు. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, చిత్రాన్ని రెండుసార్లు పరిశీలించి, తిన్నగా బొమ్మలు చేసే బతిస్తె పనిశాలకు నడిచింది.

బతిస్తె ఆమె పక్కింట్లో పెరిగినవాడు. ఆమెను చూడగానే రంగుడబ్బా వెనక్కి జరిగాడు.

"ముక్కు సంగతి నీ ఇష్టం నాయనా. దేవుడిచ్చినదాన్ని నువ్వు కాస్త పెంచావు, అంతే," అంది ఎర్మీనియా. "చేతిలో ఖాళీ కాగితం పెట్టావేంటి? నా జన్మలో నేను ఖాళీ కాగితం ఎవరికీ ఇవ్వలేదు."

"బొమ్మే కదా పిన్నీ, ఎవరు చదువుతారు?"

"చదవరనేగా మీ ధీమా. ఇదిగో నకలు. అక్షరం పోకుండా రాయి."

బతిస్తె నకలు చదివాడు. వీధి పుట్టాక దాన్ని చదివిన మొదటి మనిషి అతనే. అందులో బాణసంచా మీద ఒక్క మాట లేదు, మేళం మీద లేదు. కొలువును నిలబెట్టే చోటు తన బాల్కనీకి మరీ దగ్గరనీ, తన తండ్రి చేత్తో చేసిన ఆకుపచ్చ చెక్కపలకల తెర ప్రతి ఏడూ సెగకు పొక్కిపోతోందనీ, ఇంకొక్క ఏడు గడిస్తే బొగ్గే మిగులుతుందనీ, కాబట్టి కొలువును మూడు మీటర్లు ఫౌంటెన్ వైపు జరపవలసిందనీ ఆమె కోరింది.

"ఇంతేనా పిన్నీ నువ్వడిగింది? ఇన్నేళ్ళూ?"

"ఇంతే. మూడు మీటర్లు."

సంఘం ఆ మూడు మీటర్లూ జరపకపోవడానికి కారణం ఉంది. కారణం అనదగ్గది కాకపోయినా ఉంది. తాతల కాలంలో ఎవరో అక్కడ ఒక ఇనుప మేకు కొట్టారు. మేకు ఎక్కడుంటే కొలువు అక్కడ. మేకు ఎందుకు కొట్టారో ఎవరూ అడగలేదు.

బతిస్తె అక్షరం పొల్లుపోకుండా రాశాడు. పండుగకు ముందు ఊళ్ళో వీధికొక బొమ్మ చొప్పున పెట్టే ప్రదర్శనకు ఆ వీధి తరఫున ఈ బొమ్మే వెళ్ళింది. అక్కడ జనం ముక్కు చూసి నవ్వి, కాగితం చదివి ఆగారు. చదివినవారిలో కొందరు వీధికి వచ్చి, సంఘాధ్యక్షుడు ఒక్తావిని కాఫీ తాగనివ్వకుండా అదే ప్రశ్న వేశారు: మూడు మీటర్లు జరిపితే ఏం పోతుంది? మేకు సంగతి చెప్పబోయి, తన చెవికే అది సబబుగా తోచక, అతను మానుకున్నాడు. మార్చి పదిహేనున కొలువు ఫౌంటెన్ పక్కన నిలబడింది.

సిగ్గుపడ్డవాడు ఔదార్యం చూపకుండా ఉండలేడు. ఒక్తావి టోపీ చేతబట్టుకుని ఆమె మెట్లెక్కాడు.

"ఎర్మీనియాగారూ, మీ బొమ్మను మంటలోంచి తప్పిద్దామని సంఘం తీర్మానించింది. క్షమాభిక్ష అనుకోండి."

"క్షమాభిక్ష నేరస్తులకి. నా నేరమేంటి?"

"అబ్బే, గౌరవంగా..."

"మంత్రి కాలతాడు, బ్యాంకాయన కాలతాడు. నన్నొక్కదాన్నే వదిలేస్తే, రేపు వీధిలో తలెత్తుకు తిరగమంటారా? నిప్పు ముందర అందరూ సమానమే. కాల్చండి. ఇదిగో, బూరె తినండి."

పంతొమ్మిదో తేదీ రాత్రి కాల్చారు. ఎర్మీనియా బాల్కనీలో నిలబడి, మంట ఉన్నంతసేపూ ఒక అరచేతిని తెర మీదే ఉంచింది. పలకలు గోరువెచ్చగా అయ్యాయి. ఒక్కటీ పొక్కలేదు.

మర్నాడు బూడిద ఊడుస్తున్న ఒక్తావి ఎదుటికి ఆమె వచ్చి ఒక కాగితం అందించింది. ఫిబ్రవరి దాకా ఆగలేదు. అతను చీపురు గోడకు ఆనించి, జీవితంలో మొదటిసారి, చివరి పంక్తి దాకా చదివాడు.

"స్థలం మార్చినందుకు కృతజ్ఞతలు. అయితే మార్చునపుడు కొలువును తిప్పుటచే, దిగువ సంతకందారు బొమ్మ వీపు మాత్రమే ఆమె బాల్కనీకి కనబడినది. తాను కాలుటను ముఖాముఖి చూచు హక్కు ఆమెకు గలదు. వచ్చే ఏడు సరిచేయవలసినదిగా కోరడమైనది."

ఒక్తావి రసీదు కోసం జేబులు వెతుకుతుంటే ఆమె ఆపింది.

"రసీదొద్దు నాయనా. చదివావుగా."