క్వార్టర్ కొళాయి

ఆ రోజుల్లో మా అనంతపురం నేల మీద కరువు లేనిది ఒక్క మాటకే. కర్ణాటక వైపు నుంచి బయలుదేరిన మేఘం చిలమత్తూరు దాకా వచ్చి, ఇంట్లో ఏదో మరచిపోయినదానిలా గిరుక్కున వెనక్కి తిరిగిపోయేది. (ఒకసారి అది తిరుగుతుండగా నేను కళ్లారా చూశాను. నమ్మకపోతే మానేయండి.) వాన కురవని చోట మనుషులు ఊరికే ఉండలేరు కదా, ఏదో ఒకటి కురిపించాలి, మేము మాటలు కురిపించేవాళ్లం. మా వీధిలో ఆ పనికి నేను పెట్టింది పేరు. కన్నతల్లితో సహా అందరూ నన్ను కోతలక్క అనేవారు. పొలంలో కోతలు లేని ఏడు కూడా మా ఇంట్లో కోతలకు లోటుండేది కాదు.

ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకోవడం నేను కోసిన మొదటి పెద్ద కోత. భాష మీద ప్రేమతో కాదు. తెలుగు పేపరు దిద్దేవాళ్లు మార్కులు సొంత ఆస్తిలా దాచుకుంటారనీ, సంస్కృతం వాళ్లు ధారాళంగా ఇస్తారనీ, ఫ్రెంచి వాళ్లయితే అడగకుండానే ఇస్తారనీ కాలేజీలో ఒక నమ్మకం ఉండేది. మా ఫ్రెంచి సారు రోజూ తనకల్లు నుంచి బస్సులో వచ్చేవాడు. పది ప్రశ్నలు రాయించి, “ఇవి నోటికి పట్టండప్పా, దేవుడే దిగొచ్చినా పదకొండోది అడగడు” అనేవాడు. దేవుడు అడగలేదు, తొంభై ఎనిమిది వచ్చాయి. రెండేళ్ల తర్వాత నా తలలో మిగిలింది బోఁజూర్, మెర్సీ, ‘మా ఊరు’ అనే వ్యాసంలో మొదటి వాక్యం. డిగ్రీ అయ్యాక మా ఊరి మున్సిపాలిటీలో తాత్కాలిక టైపిస్టు పనికి దరఖాస్తు పెడుతూ, ‘తెలిసిన భాషలు’ అన్నచోట ఫ్రెంచి కూడా రాసి, చదవడం, రాయడం, మాట్లాడటం మూడింటికీ టిక్కు పెట్టాను. ఈ కరువు సీమలో ఎవరొచ్చి పరీక్షిస్తారులే అనే ధైర్యం. ఎవరూ పరీక్షించలేదు, పని దొరికింది.

అప్పుడు మా వార్డంతా ఒకే ఒక్క కొళాయి గురించి గొడవపడుతోంది. వీధి కొళాయి ఒకటి మంజూరయింది. దాన్ని మెయిన్ రోడ్డు మీద తన టీ హోటలు గోడ పక్కన వేయించాలని మా కౌన్సిలరు (మేము మీసాల మామ అనేవాళ్లం) పట్టు. ఎగువ వీధి మలుపు దగ్గర వేయాలని ఆడవాళ్ల మొర. ఎగువ వీధి అంటే మాది. రోడ్డు మీది నుంచి మా ఇళ్లకు రాళ్ల ఎత్తు. అక్కడి నుంచి రెండు బిందెలతో ఎక్కొస్తే, ఇంటికి చేరేసరికి అందులో ఒక బిందెడు నీళ్లు మనమే తాగాల్సి వస్తుంది. మలుపులో ఉండే అవ్వకు మోకాళ్లు అరిగిపోయాయి. ఎవరూ నీళ్లు మోసుకొచ్చి ఇచ్చే అవసరం లేకుండా బతకాలని ఆమె పట్టుదల. అర్జీలు పెట్టాం, తిరిగాం. మీసాల మామ మాత్రం, “రోడ్డు పక్కనైతే అందరికీ అనుకూలంగా ఉంటాది గదమ్మా” అంటూ తన హోటలు గ్లాసుల వైపే చూసేవాడు.

సరిగ్గా ఆ వారమే ఒక ఫ్రెంచి దొరసాని వస్తుందని కబురు. పుట్టపర్తికి వచ్చిన యాత్రికుల్లో ఒకామె, వాళ్ల దేశంలో ఒక ప్రాంతానికి రాజధాని అయిన పెద్ద ఊరికి ఉపమేయరట. (ఆ ఊరి పేరు పలికితే సగం ముక్కులోంచి, సగం గొంతులోంచి వచ్చేది. నోటికి పని తక్కువ.) మన ఊళ్లలో పరిపాలన ఎలా సాగుతుందో చూడాలని ఆమెకు ముచ్చట. అయితే ఆమెతో పాటు రావాల్సిన దుబాసీ కొత్తచెరువులో బండి ఆపి, బొరుగుల ఉగ్గానితో పాటు ఎనిమిది మిరపకాయ బజ్జీలు తిని, అక్కడే మంచం పట్టాడు. కమిషనర్ సారు నా దరఖాస్తు తీయించాడు.

“మూడు టిక్కులున్నాయి కదమ్మా నీకు. రా” అన్నాడు.

వార్డులో షామియానా వేశారు, హోటలు ఎదురుగానే. కొత్త గడ్డపారకు పసుపు పూసి, టెంకాయ సిద్ధంగా పెట్టాడు మీసాల మామ. దొరసాని చేత అక్కడే టెంకాయ కొట్టించి, మొదటి గడ్డపార వేయిస్తే ఇక కొళాయిని కదిపేవాడు ఉండడు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి వెనకాల నిలబడ్డారు. మా అమ్మ నా వైపు చూసి, నోరు జాగ్రత్త అన్నట్టు కళ్లు ఉరిమింది.

దొరసాని కుర్చీలో కూర్చోకుండా నేరుగా అవ్వ దగ్గరకు పోయి, బిందె చూపించి “లో?” అంది. వాళ్ల భాషలో నీళ్లని అలా అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

“లోనా? లోపలేమీ లేదు తల్లీ, ఉత్త బిందె” అంటూ అవ్వ బిందెను బోర్లించి చూపించింది. దొరసానికి అంతా అర్థమైపోయింది, మొహం చిన్నబోయింది. ఒకరి భాష ఒకరికి రాకుండా వాళ్లిద్దరూ చక్కగా మాట్లాడుకున్నారు. ఇద్దరి భాషా వచ్చినట్టు నిలబడ్డ నాకు మాత్రమే ఏమీ అర్థం కాలేదు.

తర్వాత దొరసాని మైకు పట్టుకుంది. అయిదు నిమిషాలు గలగలా మాట్లాడి, నా వైపు తిరిగి నవ్వింది. ఆ ప్రవాహంలో నాకు చిక్కింది ఒకే ఒక్క ముక్క. పదే పదే ‘కార్తియే, కార్తియే’ అంది. క్వార్టర్ లాంటిదే అయ్యుంటుందని గొంతు సవరించుకున్నాను.

“అమ్మగారి ఊర్లో ఎన్నో క్వార్టర్లు ఉంటాయి. ఒక్కో క్వార్టర్‌కు ఒక కమిటీ...”

వెనక మగవాళ్లలో కదలిక వచ్చింది. ఒకాయన లేచి నిలబడి, “భలే దేశం అప్పా! ఈడ ఎలచ్చన్లప్పుడు ఒక్కో కమిటీకి ఒక క్వార్టర్ పోస్తారు. ఆడ ఒక్కో క్వార్టర్‌కే ఒక కమిటీనా!” అన్నాడు. షామియానా కూలిపోయేంత నవ్వు. పోయిన ఎన్నికల్లో ఎవరి సీసాలు ఎవరి ఇంట్లోంచి వచ్చాయో అందరికీ తెలుసు కాబట్టి, అందరూ మీసాల మామనే చూశారు.

“ఏం పాపా, మందు సంగతి యాల ఎత్తుతాండావు? సరిగ్గా చెప్పు!” అని ఆయన కసిరాడు.

సరిగ్గా చెప్పడానికి నా దగ్గర ఏముంది? చేతులు చెమటలు పట్టాయి. పని పోతుందన్నది ఖాయం. కమిషనర్ సారు నా పెదవుల వంకే చూస్తున్నాడు. ఎదురుగా అవ్వ, బోర్లించిన బిందె మీద చెయ్యేసి, నా మాట కోసం కాచుకుని ఉంది. పోయేది ఎలాగూ పోతుంది, ఒక్క మంచి కోత కోసి పోదామనుకున్నాను.

“క్వార్టర్ అంటే ఆ క్వార్టర్ కాదు మామా, పేట. వాళ్ల ఊర్లో ఏ పేటోళ్లు ఆ పేటలో కూచోని మాట్లాడుకుంటారంట. కొళాయి యాడ వేయాల్నో, చెట్టు యాడ నాటాల్నో మేయరు చెప్పేది లేదంట. బిందె మోసేవాళ్లు యాడ చూపిస్తే ఆడ్నే వేయాల్నంట. మేయరు కాదంటే, ఆడోళ్లంతా పోయి ఆయప్ప కుర్చీ చుట్టూ బిందెలు పెడ్తారంట. ఒప్పుకునేదాకా లేయనీరంట!”

అవ్వ నిదానంగా లేచింది.

“మేయరుకే ఆ గతి పట్టిస్తారా? మనోడు కౌన్సిలరే గదా” అంటూ నడిచి, తన బిందె తెచ్చి మీసాల మామ కాళ్ల ముందు పెట్టింది. దాని పక్కన మా అమ్మ బిందె. తర్వాత ఎవరూ ఎవరికోసమూ ఆగలేదు.

“ఏందవ్వా ఇది, తీయ్! కాలు పెట్టేకి సందు లేదు.”

“మలుపు కాడ కొళాయి అను, తీస్తా నాయనా. అనకపోతే ఈడ్నే నింపు.”

దొరసాని కళ్లు పెద్దవి చేసి, ఇదేమిటని నన్ను అడిగింది. నాకొచ్చిన ఒకే ఒక్క వాక్యాన్ని వ్యాసంలోంచి తీసి ఇచ్చాను: “మా వీల్ ఎ బెల్.” (మా ఊరు అందమైనది.) ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, బిందెలను చూసి, పకపకా నవ్వి చప్పట్లు కొట్టింది. తర్వాత టెంకాయ ఒక చేత్తో, అవ్వ చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఎగువ వీధి వైపు కదిలింది. ఆమె వెనక పేపరు ఫొటోగ్రాఫరు, ఫొటోగ్రాఫరు వెనక కమిషనర్ సారు. తాను లేకుండా ఫొటో పడడం ఏ కౌన్సిలరుకైనా చావుతో సమానం కాబట్టి, చివరికి మీసాల మామ కూడా బిందెలు దాటుకుని, గడ్డపార తానే మోసుకుంటూ ఎత్తు ఎక్కాడు. మలుపులో అవ్వ వేలు చూపించిన చోటే టెంకాయ పగిలింది.

సాయంత్రం కమిషనర్ సారు పిలిచాడు. “ఆమె నిజంగా అట్లాగే చెప్పిందా?”

“మాట మాటకూ అంతే సార్.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆమెనే అడగాలనుకున్నా గానీ... ఇంటర్లో నాదీ ఫ్రెంచేనమ్మా” అన్నాడు. అంతకు మించి మేమిద్దరం ఆ విషయం ఎత్తలేదు. నా పని పోలేదు.

ఇప్పుడు అవ్వ లేదు. కొళాయి ఇళ్లలోకి వచ్చేసింది, నీళ్లు ఎప్పుడొస్తాయన్నది వేరే సంగతి. మలుపులో ఇనుప పైపు మాత్రం అలాగే ఉంది. ఆటోవాళ్లు దాన్ని ‘క్వార్టర్ కొళాయి’ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ మందు దొరుకుతుందేమోనని పాపం కాసేపు తిరుగుతారు.

మొన్న మా అమ్మాయి ఫోనులో ఆ దొరసాని ఊరి గురించి వెతికి, తెలుగులోకి మార్చి చదివింది. ఆ ఊరిని పేటలుగా విభజించారట. ఒక్కో పేటకు అక్కడి జనంతో ఒక సభ, పేటల బాధ్యత చూసే ఉపమేయర్లు. బెంచీ ఎక్కడ, చెట్టు ఎక్కడ, తాగే నీళ్ల కొళాయి ఎక్కడ అన్నది అక్కడ ఉండేవాళ్లను కూర్చోబెట్టి అడుగుతారట. (కుర్చీ చుట్టూ బిందెలు పెట్టే సంగతి లేదు. అది నా సొంతం.) నాలో నేనే నవ్వుకున్నాను. ఆ రోజు నాలో ఉన్న ఇరవై రెండేళ్ల పిల్ల చెమట పట్టిన చేతులతో మైకు పట్టుకుని, చేతనైనంత పెద్ద అబద్ధం కోసం వెతికి, మోసేవాళ్లనే అడగాలి అన్న మాటను ఏరుకుంది. అంత న్యాయమైనది లోకంలో ఎక్కడైనా నిజంగా ఉంటుందని దానికి తట్టలేదు మరి.

“ఏందమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటాండావు?” అంది మా అమ్మాయి.

“ఏం లేదే. నేను ఒకసారి ఫ్రెంచిని తప్పు లేకుండా తెలుగులో చెప్పినాను” అన్నాను.

ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు. “కోతలు” అంది.