పేరు మారిన సిలిండర్ల రిపోర్టు

మా వదిన ఆస్పత్రి ఆఫీసులో రిపోర్టులు తయారుచేస్తుంది. ఏ వార్డులో ఎన్ని మంచాలు ఖాళీ, స్టోరులో ఎన్ని ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి, అన్నీ ఆమె కంప్యూటర్ నుంచే గదిగదికీ వెళ్తాయి. ఎనిమిదో తరగతితో బడి మానేసిన నన్ను అక్కడ ఫైళ్ళు మోసే పనిలో పెట్టించింది కూడా ఆమే.

కొత్త ఆఫీసరుకు రిపోర్టుల పేర్లు నచ్చలేదు. నలభై పేర్లూ సాయంత్రంలోగా మార్చమన్నాడు. ఆ రోజు వదిన అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

"పేరేగా వదినా, మారిస్తే ఏమవుతుంది?"

"మన దగ్గర ఏమీ కాదే. ఈ రిపోర్టును పేరు పట్టుకుని వెతుక్కునే కంప్యూటర్ షీటు ఏదో గదిలో ఉంటుంది. పాత పేరు దొరక్కపోతే అది ఆగిపోతుంది."

ఒక్కో పేరూ మార్చి, ఆ గదికి ఫోన్ చేసి అడుగుతోంది. పద్నాలుగోది సిలిండర్లది.

"కనపడుతోందమ్మా, అరవై రెండు. నువ్వు కంగారుపడి మమ్మల్నీ కంగారుపెట్టకు" అన్నాడు స్టోర్‌కీపర్.

వదిన ఫోన్ పెట్టేసి తన తెర వైపు చూసింది. అక్కడ నలభై ఒకటి ఉంది.

"ఆయన షీటు పొద్దుటి అంకె దగ్గరే ఆగిపోయింది. ఖాళీగా కనపడినా బాగుండేది. అంకె ఉంటే ఎవరూ అనుమానించరు" అంటూ లేచి స్టోరుకు నడిచింది. ఆ షీటులో అంకె యాభై కంటే తగ్గితేనే రెండు గంటలకు సిలిండర్ల బండికి కబురు వెళ్తుంది. అప్పటికి ఒకటిన్నర దాటింది.

"అత్తగారిలా తనిఖీకి దిగావే" అన్నాడు స్టోర్‌కీపర్. వదిన ఒక్కో సిలిండర్‌నూ చేత్తో తాకుతూ లెక్కపెట్టింది. వెనకే నేనూ లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఆయన కళ్ళద్దాలు తీసి, బండికి ఫోన్ చేశాడు. వదిన ఆయన షీటులో పాత పేరు తీసి కొత్తది పెట్టింది. అరవై రెండు అప్పుడు నలభై ఒకటయింది.

జరిగిందంతా తనే ఆఫీసరుకు చెప్పింది.

"సర్దుకుందిగా. మిగిలినవి?"

"రోజుకు మూడే మారుస్తాను సార్. ప్రతి గదికీ వెళ్ళి చూశాకే."

"సాయంత్రంలోగా అన్నాను."

"అన్నారు సార్."

ఆయన ఇంకేదో అనేలోపే బయటికి వచ్చేసింది. చేతులు తుడుచుకుని, ముందు మార్చిన పదమూడు పేర్ల కాగితం నాకిచ్చింది.

"ఇవన్నీ ఫోన్‌లోనే అడిగానే. అందరూ కనపడుతోందనే అన్నారు" అంది నెమ్మదిగా.

పిల్లల వార్డు మెట్లెక్కాం. వదిన ఎప్పుడూ అంత వేగంగా నడవగా నేను చూడలేదు.