నీళ్ళు తగలని సీసా

కరోనా తగ్గిన మరుసటి ఏడు, పత్తి ఏరే రోజుల్లో, మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలోని ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. అప్పటికే నాకు అరవై దగ్గరపడ్డాయి. అదే నా చివరి ఉద్యోగం.

వీర్యపరీక్షలో చంద్రపూర్ నుంచి మంచిర్యాల దాకా నన్ను మించినవాడు లేడనీ, మైక్రోస్కోపులో కన్ను పెడితే పుట్టబోయే బిడ్డ ముక్కు తీరు కూడా చెబుతాననీ ఊళ్ళో అనుకునేవారు. అలా అనుకునేలా చేసింది నేనే. ఉన్నది ఒక్కటే మైక్రోస్కోపు. కరెంటు పోతే దాని కింది అద్దాన్ని కిటికీ వైపు తిప్పి ఎండతోనే పని నడిపేవాణ్ణి. ఇక వీర్యపరీక్షలా, నెలకు ఒకటి వస్తే గొప్ప. మగవాళ్ళు రారు, ఆడవాళ్ళను పంపిస్తారు.

లచ్చన్న మాత్రం తనంతట తానే వచ్చాడు. (పేర్లు మార్చాను.) రేగుంటలో పత్తి, మిరప పండించే రైతు. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు. భార్య సమ్మక్కకు చేయాల్సిన పరీక్షలన్నీ చేశారు, ఏ లోపమూ కనపడలేదు. అయినా లచ్చన్న తల్లి కొడుక్కి రెండో సంబంధం చూసిపెట్టింది.

"నాల ఏమన్న ఉంటె ఉన్నదని రాసియ్యి సారూ. మా అవ్వ నోరు మూసుకుంటది" అన్నాడు.

"మరి రెండో పెళ్ళి పోతుంది కదయ్యా!" అన్నాను.

"ఒక్కదానితోనే పరేషాన్ ఉన్న, ఇంకోటెందుకు?"

పక్కనున్న సమ్మక్క అతని డొక్కలో పొడిచింది. "ఎవలు పరేషాన్ జేస్తుండ్రో సారుకు జెప్పు జర" అంది. ముగ్గురం నవ్వాం.

నమూనా పట్టడానికి ల్యాబే మూతగల ప్లాస్టిక్ డబ్బా ఇవ్వాలి. ఆ వారం డబ్బాలు అయిపోయాయి. ఇంటి నుంచి చిన్న గాజు సీసా తెచ్చుకోమన్నాను. దగ్గు మందు సీసా నడుస్తదా అని సమ్మక్క అడిగింది. నడుస్తుంది, బాగా తోమి ఆరబెట్టు, నీళ్ళు మాత్రం తగలొద్దు, చుక్క తగిలినా పాడవుతుంది అని చెప్పాను. నీళ్ళు తగిలితే వీర్యకణాలు ఉబ్బి చచ్చిపోతాయి. సీసాను శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి తెమ్మని నా ఉద్దేశం. ఆ కారణం ఆమెకు చెప్పలేదు. బయట జనం నిలబడి ఉన్నారు.

మూడో రోజు సిరొంచలోనే చుట్టాల ఇంట్లో నమూనా పట్టి, అరగంటలోపే తెచ్చారు. వెచ్చదనం పోకుండా సమ్మక్క దాన్ని కొంగులో చుట్టి తెచ్చింది. అన్నీ చెప్పినట్టే చేశారు. సీసా అద్దంలా మెరుస్తోంది.

నమూనా పలచబడే దాకా ఆగి, ఒక చుక్క గాజు పలక మీద వేసి చూశాను. కణాలకు కొదవ లేదు, ఆకారమూ బాగుంది. సంతలో జనంలా కిక్కిరిసి ఉన్నాయి, కానీ ఒక్కటీ కదలడం లేదు. ఇయోసిన్ అనే ఎర్ర రంగు కలిపాను. బతికున్న కణం ఆ రంగును లోపలికి రానివ్వదు, చచ్చినది పీల్చుకుంటుంది. అన్నీ ఎర్రబడ్డాయి.

ఇంత నిండుగా ఉన్న కణాలు ఒక్కటీ మిగలకుండా చచ్చి ఉండటం అరుదు. నాకు అనుమానం వచ్చిందనీ, మళ్ళీ నమూనా తెమ్మంటే వాళ్ళే రాలేదనీ చాలామందికి చెప్పాను. అబద్ధం. అనుమానమూ రాలేదు, రెండో నమూనా అడగనూ లేదు. "చలనం సున్నా, సజీవ కణాలు సున్నా" అని రాసి సంతకం పెట్టాను. నా కన్ను గురించి నేను కొట్టిన డప్పు డాక్టరు గారు కూడా నమ్మారు. మారుమాట లేకుండా కింద ఆయనా సంతకం పెట్టారు.

"అన్ని సచ్చినయా సారూ?" అని లచ్చన్న అడిగాడు. అన్నీ అన్నాను.

తల్లి నోరు మూసుకుంది నిజమే. కానీ ఆ చలికాలం లచ్చన్న తానే పెద్దమనుషులను కూర్చోబెట్టి విడాకులకు ఇడుపు కాయితం రాయించాడు. నన్ను నమ్ముకుంటే నీకు ఒడి నిండదు అన్నాడట. సమ్మక్క వెళ్ళనంటే వెళ్ళనంది. చివరికి జింగనూర్‌లోని ఆమె అన్న ఇంటికి తానే తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాడట. ఇవన్నీ రేగుంట రోగులు చెప్పిన మాటలు.

రెండేళ్ళ తర్వాత సమ్మక్క మళ్ళీ వచ్చింది. ఇంకొకరిని మనువాడింది, ఐదో నెల. మూత్రపరీక్షకు ఇంటి నుంచే తెచ్చిన సీసా చేతికిచ్చింది. ఊపితే మెడ దాకా నురగ వచ్చింది. గర్భిణి మూత్రం అలా నురగ కడితే ప్రొటీన్ పోతోందేమోనని భయం. ప్రొటీన్ ఉంటే రంగు మారే కాగితపు పట్టీ ముంచి చూస్తే ప్రొటీన్ లేదు. సీసా దేంతో కడిగావని అడిగాను.

"కుంకుడు రసంతోని" అంది. "రసం పోసి తోమి, వంపి, ఎండకు పెట్టిన. నీళ్లు పోయలె సారూ. నువ్వే అంటివి గద తగలొద్దని. అప్పుడు గూడ గట్లనే జేసిన."

మెచ్చుకుంటానని నా ముఖంలోకి చూసింది. మంచిగ చేసినవ్ అన్నాను.

కుంకుడుకాయకు నురగనిచ్చేది సపోనిన్ అనే పదార్థం. అది జుట్టుకు మేలే చేస్తుంది, వీర్యకణం పైపొరను మాత్రం కరిగించేస్తుంది. పుస్తకంలో చదివి ఊరుకోకుండా, కుంకుడు రసం ఎండబెట్టిన సీసాలో ఒక నమూనా పోసి చూశాను. ఎవరిదని అడక్కండి, నాదే. మామూలు డబ్బాలో పట్టిన సగంలో కణాలు, ఈ వయసులోనూ, కొన్ని చురుగ్గా ఈదుతున్నాయి. సీసాలో పోసిన సగంలో ఒక్కటీ కదల్లేదు. రంగు కలిపితే అన్నీ ఎర్రబడ్డాయి.

మర్నాడే రేగుంట వెళ్ళానని రాయాలని ఉంది. నాలుగు నెలలు పట్టింది. ఉద్యోగం మానేశాక, ఇక ఎవరూ నన్ను అడగలేరని తేలాక వెళ్ళాను. సంచిలో కొత్త ప్లాస్టిక్ డబ్బా పెట్టుకున్నాను.

లచ్చన్న మిరపతోటలో ఉన్నాడు. అంతా చెప్పాను. తప్పు నాదన్నాను. డబ్బా తీసి, ఇంకోసారి చూద్దాం అన్నాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

"మంచిగొస్తె?" అన్నాడు.

డబ్బాను ఇంకొంచెం ముందుకు చాపాను.

"మంచిగొస్తె ఆమెను ఊకెనే ఎల్లగొట్టినోన్నైత. గది తెల్సినంక నేనెట్ల బతకాలె సారూ? నాకు గా కాయితమే ఉండనియ్యి." వరుస చివరి దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "సమ్మక్కకు జెప్పకు. సీసా తోమింది ఆమెనాయె."

చెప్పలేదు. లచ్చన్నలో లోపం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, ఇక తెలియదు కూడా.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పేది ఇంతే. కణాలు నిండుగా ఉండి అన్నీ చచ్చి కనపడితే మనిషికన్నా ముందు పాత్రను అనుమానించాలి, కొన్ని వారాలు ఆగి రెండో నమూనా చూడకుండా సున్నా రాయకూడదు. ఏదైనా వద్దని చెప్పినప్పుడు ఎందుకు వద్దో కూడా చెప్పాలి. ఇవేవీ నేను సిరొంచలో కొత్తగా నేర్చుకున్నవి కావు. శిక్షణ మొదటి ఏడాదే చెప్పారు, పరీక్షలో రాసి పాసయ్యాను.