రెండు మూళ్లు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో పక్క సీటు పాపకు ఫిట్స్ వచ్చాయి. చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని, ఊరి తలుపులన్నీ తెరవగలిగినన్ని తాళాల గుత్తులు ఒక్కసారిగా ఆ పిల్ల మీదికి వచ్చాయి. అన్నిట్లోకీ పెద్దది నాదే.

"ఇనుము వద్దన్నా, జరుగు," అని తల్లి పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ కూర్చుంది.

తెలివొచ్చి పాప లేచి కూర్చున్నాక తల్లి రెండో ఎక్కం అడిగింది. "వచ్చినప్పుడల్లా నేర్చుకునింది కొంచెం పోతాందన్నా. నిన్న పదిదాకా చెప్పింది," అంది నాతో.

"రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు..." పాప ఆగిపోయింది.

"ఆ..." అని అందించబోయాను.

"నువ్వు చెప్పొద్దన్నా. అదే చెప్పల్ల."

పుట్టిననాటి నుంచి మూతపడని నోరు మూసుకున్నాను. ఆళ్లగడ్డలో దిగేదాకా పాప మూళ్ల దగ్గరే ఉంది. ఆరు నా నోట్లోనే ఉండిపోయింది.