జొన్న పక్కన మనిషి

నన్ను ఫోటోల్లోంచి కత్తెరతో కోసేశారు. ఒక్కదాంట్లోంచి కాదు, తీసిన ప్రతిదాంట్లోంచీ.

డెబ్బైల నడిమి మాట. ఒమాన్‌లో సహం దగ్గర, పశువుల మేతకు కొత్త రకం జొన్న వేసి చూసే తోటలో నాకు పని. పైరు పెరుగుదల మస్కట్ ఆఫీసుకు తెలియాలని వారం వారం ఫోటో తీసేవారు. ఎత్తు తెలియడానికి పక్కన నన్ను నిలబెట్టేవారు. నేను బడికి పోయినవాణ్ణి కాను, దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటూ చదువు నేర్చినవాణ్ణి. అయినా ఆ నిలబడటం విలువేమిటో నాకు తెలుసు. ఎండ కళ్లలో పొడుస్తున్నా కదిలేవాణ్ణి కాను. రూమ్‌లో ఒకటే ఎగతాళి: “ఏందిరా, జొన్నతోని పెండ్లి ఫోటో దిగినవా?”

మా ఫోర్‌మన్‌ది కోస్తా. నా బనీనూ లుంగీ ఆఫీసువాళ్లకు చూపించేలా లేవని, నన్ను కోసి పారేసి ఉత్త పైరునే పంపాడు. చెత్తబుట్టలో నా ముక్కలు నా కంటనే పడ్డాయి.

“నన్నెందుకు కోసిండ్రు సార్? నేనేమన్న కలుపు మొక్కనా?”

“పోవయ్యా, డ్యూటీ చూస్కో.”

మస్కట్ నుంచి ఒమానీ ఆఫీసరు వచ్చేసరికి మేత కోసేశాం. చేలో మోళ్లే మిగిలాయి. ఆయన ఫోటోలు పరిచాడు. పైరు పెరిగేకొద్దీ కెమెరా వెనక్కి జరిపారు కదా, అన్నింట్లోనూ జొన్న ఒకే ఎత్తు!

“ఏ తో బఢా హీ నహీ, పెరగనే లేదు. ఈ విత్తనం బంద్,” అన్నాడు. ఫోర్‌మన్ సరేనని రాసుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. “సాబ్, ఫిలిం మంగావ్. ఉస్‌మే మై హూ!” అని అరిచాను.

ఫిలిం తెప్పించి ఎండకు ఎత్తాడు. అందులో ఉన్నాను, నిండు మనిషిని! నెగెటివ్ కదా, జుట్టు తెల్లగా, బనీను నల్లగా. జొన్న మొదట నా మోకాలికి, తర్వాత నడుముకు, చివరికి నా తల మీదికి. ఆఫీసరు పెద్దగా నవ్వి నా భుజం చరిచాడు. మళ్లీ అదే విత్తనం వేయమన్నాడు.

వేశాం. మొలిచింది. కెమెరా వచ్చింది. నేను మాత్రం గట్టు మీదనుంచి లేవలేదు.

“నేనడిగినదానికి జవాబు చెప్పుండ్రి సార్. అప్పుడొస్త.”

ఫోర్‌మన్ నా దగ్గరికే నడిచి వచ్చాడు.

“నువ్వుంటే ఫోటో పాడవుద్దనుకున్నానయ్యా. నువ్వు లేకే పాడైంది. రా, వచ్చి నిలబడు.”